రోగి చీటిలో వ్రాయని వృత్తి

సూరతు నగరము, ఖటోదరాలో కూడిన తెలుగు కుటుంబముల సభయందు చేసిన ప్రసంగ పాఠము



సాంస్కృతిక సంఘముల వేదికపై కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేనును బి.ఏ. పట్టమునకు చరిత్రను, సాహిత్యమును చదివినవాడనేగాని వైద్యశాస్త్రమునందు ప్రవేశము గలవాడను కాను. అట్టివాడు మూత్రావయవములకు వచ్చు కేన్సరు వ్యాధులను గూర్చి మాటలాడుటకు లేచుట సాహసమే. అయినను నా ఉద్యోగ జీవితమంతయు సచివాలయములో దస్త్రముల నడుమను, పట్టికల నడుమను గడచుచున్నది. ఒక పట్టిక బల్లమీదికి వచ్చినప్పుడు అందేమి వ్రాసిరో చూచుటకు ముందుగా ఏ గడి ఖాళీగా విడిచిరో చూచుట మాకు అలవాటు. ఈనాటి నా మాటలకు ఆ అలవాటొక్కటే అర్హత.

ఈ విషయము నెన్నుకొనుటకు ఈ స్థలము కూడ కొంత కారణము. ఇచ్చటికి దాపుననే మజూరా గేటువద్ద న్యూ సివిల్ హాస్పిటలును, 1964లో వెలసిన ప్రభుత్వ వైద్య కళాశాలయు ఉన్నవి. మరియొక దిక్కున ఉధ్నా మరమగ్గములు. ఆవల పాండేసరాలో బట్టకు రంగు వేయు మిల్లులు. లింబాయత్ మొదలైన పేటలలో నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు సీమలనుండి వచ్చి స్థిరపడిన నేతకుటుంబములు వేలకొలది కలవు. పురపాలకసంస్థ తెలుగు మాధ్యమమున బడులను నడుపుచున్నదనిన, ఈ నగరమున మనవారి సంఖ్య ఎంతటిదో ఊహింపవచ్చును. మన కేంద్ర ప్రభుత్వోద్యోగులము బదిలీలమీద వచ్చి పోవువారము. వారట్లు కాదు, ఈ నగరపు బట్టలో వారి ఆయువు పడుగుగానో పేకగానో కలసిపోయినది.

మన పెద్దలు కేన్సరును పుట్టకురుపనిరి, రాచపుండనిరి. పేరు పలుకుటకే భయపడిరి. అందును మూత్రావయవముల సంగతి యన్నచో భయమునకు సిగ్గు కూడ తోడగును. తల్లులు, పిల్లలు కూర్చుండిన సభ యిది. కనుక మర్యాదకు భంగము రానీయకుండ చెప్పెదను. కాని చెప్పకుండ విడువను. చెప్పకుండుటవలన జరిగిన నష్టమే యిందు ముఖ్యమైన సంగతి.

ఈ తెగలోనివి ప్రధానముగా అయిదు. మూత్రపిండము, మూత్రాశయము, పురుషులకు మాత్రమే యుండు ప్రోస్టేటు గ్రంథి, వృషణములు, శిశ్నము — వీనికి వచ్చు కేన్సరులు. 2020 సంవత్సరమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థవారు వేసిన అంచనాలలో, ప్రపంచమంతట క్రొత్తగా ప్రోస్టేటు కేన్సరు వచ్చినవారు సుమారు 14 లక్షలు, మూత్రాశయమునకు వచ్చినవారు 5 లక్షల 70 వేలు, మూత్రపిండమునకు 4 లక్షల 30 వేలు, శిశ్నమునకు 36 వేలు. అదే యంచనాలో మన దేశమున ప్రోస్టేటు సుమారు 34,500, మూత్రాశయము 21,000, మూత్రపిండము 17,000కు కొంచెము తక్కువ, శిశ్నము 10,000కు పైగా.

ఈ కడపటి సంఖ్యవద్ద ఒక్క క్షణము నిలువుడు. ప్రపంచమున ప్రోస్టేటు రోగులు 39 మంది యున్నచోట శిశ్నపు రోగి యొక్కడు. మన దేశమున ముగ్గురకొకడు! ప్రపంచమునందలి రోగులలో నాలుగవ వంతుకు మించి మనవారే. కారణములు వైద్యులకు క్రొత్త కావు. ముందరి చర్మము వెనుకకు రాక బిగిసియుండుట, అందువలన శుభ్రము లేకపోవుట, సంపర్కమువలన సోకు ఒక జాతి వైరసు, పొగాకు. నీళ్ళు, సబ్బు, స్నానపుగది అను మూడింటితో చాలవరకు ఆపదగిన వ్యాధి యిది. ఒక గదిలో ఎనిమిదిమంది చొప్పున, వంతులు వేసికొని పండుకొను కూలివానికి ఆ మూడును సమకూరుట ఎంత కష్టమో ఈ నగరమున నివసించువారికి నేను చెప్పనక్కరలేదు. అట్టివాడు చిన్న పుండును చూచి, మందుల దుకాణములో పూతమందు కొనుక్కొని, ఎవరికిని చెప్పక, సంవత్సరము గడపి, ఆ తరువాత వైద్యశాలకు వచ్చును.

మిగిలినవానిలో మూత్రపిండపు కేన్సరు చాలకాలము మాట్లాడక కూర్చుండును. ఇప్పుడు వేరొక కారణమునకు తీయించుకొన్న స్కానులో తరచు బయటపడుచున్నది. వృషణముల కేన్సరు ముఖ్యముగా పదునైదు మొదలు నలుబదేండ్లలోపు యువకులకు వచ్చునది, అరుదైనది. 1974లో అమెరికాలో డాక్టరు ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ అను మందును చేర్చి చికిత్స ప్రారంభించిన తరువాత, సకాలమున వచ్చినవారిలో నూటికి తొంబదిమందికి పైగా బ్రదుకుచున్నారు. నొప్పిలేని గడ్డ కనబడినప్పుడు తండ్రితోనైన చెప్పుమని మన కుర్రవాండ్రకు చెప్పవలెను. ప్రోస్టేటు ముసలితనపు వ్యాధి. రాత్రి నాలుగుమారులు లేచుట వయసు లక్షణమని ఊరకుందురు. నడుము నొప్పికి తైలము రాయింతురు. ఆ నొప్పి ఎముకకు ప్రాకిన కేన్సరుదని తేలునప్పటికి కాలము మించును. అయినను ఆ రోగికి పురుష హార్మోనును అణచివేయు చికిత్స వలన ఏండ్లకొలది ఆయువు చేకూరుచున్నది. ఆ త్రోవను 1941లో చూపిన హగ్గిన్స్‌కు 1966లో నోబెలు బహుమానము లభించెను.

ఇక మూత్రాశయము. నేను ప్రధానముగా చెప్పదలచినది దీనిని గూర్చియే.

1895లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్ట్ నగరమందు లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు ఒక చిత్రమైన సంగతిని గమనించెను. ఫుక్సిన్ అను ఎఱ్ఱరంగును తయారుచేయు కార్ఖానాలో పనిచేయు 45 మందిలో ముగ్గురికి మూత్రాశయపు కంతులు కనబడెను. అంతటి అరుదైన వ్యాధి ఒక్క కార్ఖానాలో ముగ్గురికా! ఆయనవద్ద పెద్ద పరికరములు లేవు. రోగిని, నీవు చేయు పని యేమని అడిగెను, చెప్పినది వ్రాసికొనెను. ఒక పెద్ద శాస్త్రమునకు అదియే నాంది. అనంతరము 1921లో అంతర్జాతీయ కార్మిక కార్యాలయము ఈ ప్రమాదమును ప్రకటించెను. 1938లో హ్యూపర్ అను శాస్త్రజ్ఞుడు బీటా నాఫ్తిలమీన్ అను పదార్థమును కుక్కలకిచ్చి అదే కంతిని పుట్టించి చూపెను. 1954లో ఇంగ్లండున కేస్ అను వైద్యుడు రంగుల కార్ఖానాల పాత పనివాండ్ర పట్టీలను, మరణ పత్రములను ఎదురెదురుగా పెట్టి సరిచూచి, బెంజిడీన్, బీటా నాఫ్తిలమీన్ అను పదార్థములతో పనిచేసినవారికి ఈ వ్యాధి ఎన్నో రెట్లు అధికమని నిర్ణయించెను. బీటా నాఫ్తిలమీన్‌ను బట్టీపట్టు పనిలోనుండిన ఒక చిన్న బృందమున వ్యాధి రానివాడొక్కడును మిగులలేదట. కేస్ చేసిన పని మాబోటి గుమాస్తా పనియే యని నాకొక గర్వము. పట్టీలు దాచియుండకున్న ఆయన చేయగలిగినది శూన్యము.

మన దేశమునకు వత్తము. బెంజిడీన్‌తో తయారగు 42 రంగులను భారత ప్రభుత్వము 1993లో నిషేధించినది. 1997లో మరి 70 అజో రంగులను చేర్చినది. ఈ రెండవ నిషేధమునకు వెనుక జర్మనీవారి నిషేధ మున్నది. ఆ రంగుల బట్టలు ఇక కొనమని వారనిరి. తొడుగువాని చర్మము కొరకు వచ్చిన శాసనము అద్దువాని మూత్రాశయమునకు మేలుచేసినది. ఆలస్యముగానైనను మేలే. అహమ్మదాబాదులోని జాతీయ వృత్త్యారోగ్య సంస్థవారు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ఆ నగరపు కార్ఖానాలలో జరిపిన పరిశోధన 1996లో వెలువడినది. బెంజిడీన్‌ను, దానితో రంగులను తయారుచేయు పనివాండ్ర మూత్రమునందలి కణములలో ఆ పదార్థపు గుర్తులు పట్టుపడినవి. విషము చేతికంటిన రంగుతో నిలువలేదు. కణపు గర్భములోనికి పోయినది.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. సూరతులో నేయబడు వస్త్రము ప్రధానముగా కృత్రిమ దారముది. దానికి వేయు రంగులు వేరు, నూలుబట్టకు వేసిన బెంజిడీన్ రంగులు వేరు. రంగును తయారుచేయువాడు, పొడిని కలుపువాడు, తడిబట్టను మడతపెట్టువాడు, మగ్గముపై నేయువాడు — వీరందరకు ప్రమాద మొక్క తీరున నుండదు. నేతవానికి మగ్గముల హోరువలన చెవికి, దూదిధూళి వలన ఊపిరికి చేటు. మూత్రాశయమున కంతగా లేదు. కనుక ఫ్రాంక్‌ఫర్టు సంగతిని విని రేపటినుండి ఈ నగరపు ప్రతి మిల్లును దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. నేను అడుగునది వేరు.

వ్యాధికిని దాని కారణమునకును నడుమ పదునైదు మొదలు నలుబది సంవత్సరముల ఎడముండును. 1994లో ఈ నగరమున ప్లేగు పుట్టినప్పుడు రోజుల వ్యవధిలో లక్షలాది జనము రైళ్ళెక్కి పోయిరి. దేశమంతయు సూరతు వైపు చూచినది. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావుగారు నగరపు రూపమునే మార్చివైచిరి. ఎదుటనున్న శత్రువుపై మనము అంత త్వరగా కదలగలము. ఇరువదేండ్లు నిద్రించు శత్రువునకు రైలెక్కి పారిపోవువాడెవడు? 1990లో ఇరువదియైదేండ్ల వయసున నిషేధమునకు ముందటి రంగులను చేతులతో కలిపినవానికి ఇప్పుడు అరువది దాటినది. అతడు ఆ పని మానివేసి, ఊరు మారి, మగ్గముపైకో, కాపలా పనికో పోయియుండును. వైద్యశాలలో “ఏమి పని చేయుచున్నావు?” అని అడుగుదురు, “ఏమి పని చేసితివి?” అని అడుగరు. తెలుగు వ్యాకరణములో ఇది కాలభేదము మాత్రమే. ఈ వ్యాధి విషయములో కథ యంతయు ఆ భేదములోనే యున్నది.

నా కెరుకగల ఒక పెద్దమనిషి సంగతి చెప్పెదను. పేరక్కరలేదు. మగ్గముపైకి రాకముందు పదేండ్లకు పైగా మరియొక నగరమున నూలుబట్టల అద్దకపు కార్ఖానాలో రంగు కలిపినవాడు. ఒకనాడు మూత్రము ఎఱ్ఱగా వచ్చెను. నొప్పిలేదు. “వేడి చేసినది” అని యింటివారు తీర్మానించి బార్లీ నీళ్ళు, మజ్జిగ త్రాగించిరి. మరునాటికి తగ్గెను. తగ్గకేమి? ఈ వ్యాధిలో రక్తము దానంతట అదియే వచ్చి, దానంతట అదియే నిలిచిపోవును. బార్లీకి పేరు వచ్చెను. ఎనిమిది నెలలకు మరల కనబడెను. ఈ ప్రాంతమున మూత్రములో రాళ్ళు విస్తారము. ఇరుగుపొరుగువారు రాయి యనిరి. మరి కొన్ని నెలలు రాయిమందు నడచెను. కట్టకడపట ఒక వైద్యశాలకు పోయినప్పుడు ఆయనకు గుజరాతీ రాదు, వైద్యునకు తెలుగు రాదు. నడుమ దుబాసి యెవరనుకొన్నారు? ఏడవ తరగతి చదువు మనుమడు. తాత తన శరీరపు సంగతిని మనుమని నోట పలికింపలేక సగము మ్రింగెను. మిగిలిన సగమును పిల్లవాడు తనకు వచ్చిన మాటలలో చెప్పెను. చీటిలో రెండు విషయములు వ్రాయబడినవి. పని: మజూరీ. అలవాటు: బీడీ.

రెండును నిజమే. బీడీ సంగతి మరీ నిజము. మూత్రాశయపు కేన్సరులలో సుమారు సగము పొగాకువలననే యని పాశ్చాత్య దేశముల లెక్క. కార్ఖానాలో నిషేధించిన ఆ బీటా నాఫ్తిలమీన్ పొగాకు పొగలో కొద్దికొద్దిగా ఉన్నది! సిరిసిల్లలో మగవారు మగ్గము నడుపగా ఆడవారు బీడీలు చుట్టి సంసారము నీదుదురు. చుట్టినది త్రాగుటయు మనవారే. కాని బీడీ యను సమాధానము చేతికి సులభముగా దొరకుటచేత, దాని వెనుకనున్న ప్రశ్న అడుగబడకపోవుచున్నది. నేను పరామర్శకు పోయి, ఊరకే పాత సంగతులడిగినప్పుడు ఆయన అన్న మాట: “అప్పుడు చేతులు ఎంత కడిగినా రంగు పోకపోయేది సార్. తినే ముద్ద గూడ ఎర్రగనే ఉండె.” ఈ ఒక్క వాక్యము ఆ చీటిలో నున్నచో అది రోగి చీటి మాత్రమే కాక సాక్ష్యపత్ర మగును.

సాక్ష్యమనుట అతిశయోక్తి కాదు. కార్మికుల నష్టపరిహారమునకై 1923లో పుట్టిన చట్టపు మూడవ అనుబంధములోను, 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టపు అనుబంధములోను వృత్తివ్యాధుల జాబితా యున్నది. అందు మూత్రాశయము, మూత్రపిండము, మూత్రనాళము వీని లోపొరయందు మొదలగు కంతి చేర్చబడినది. ఆ చట్టములను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి తనలో కలుపుకొన్నది. అనగా ప్రభుత్వము ఈ వ్యాధిని పనివలన రాదగినదిగా నొప్పుకొన్నది. అయినను ప్రమాదకరమైన పనిలో నుండెనని చూపునది కాగితమే. పనివాని పేరు యజమాని పట్టీలో లేదు. వృత్తి పేరు వైద్యుని చీటిలో లేదు. రెండు కాగితములలోను లేనివాడు చట్టము ముందు నిలబడుట యెట్లు? శాసనమును ముసాయిదా చేయువారి మధ్య కూర్చుండి పనిచేయు నాకు ఈ ప్రశ్న సుఖముగా నిద్రపట్టనీయదు.

ఇంకొక చిక్కు కలదు. మన దేశమున కేన్సరు నమోదు రెండు విధములు. 1981లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ కేన్సరు నమోదు కార్యక్రమమును ప్రారంభించినది. అందు కొన్ని కేంద్రములు ఒక ప్రాంతపు జనమంతటిలో వ్యాధిగ్రస్తులను లెక్కించును. కొన్ని వైద్యశాలకు వచ్చినవారిని మాత్రమే లెక్కించును. మొదటిది ఊరి లెక్క, రెండవది గుమ్మము దాటినవారి లెక్క. ఒక వైద్యశాలలో మూత్రాశయపు రోగులు హెచ్చుగా నుండిన, ఆ వ్యాధి ఊరిలో హెచ్చని కాదు. ఆ శస్త్రము తెలిసిన వైద్యుడు అచ్చట నుండుటయే కారణము కావచ్చును. స్త్రీలు తక్కువగా కనబడుదురు. నిజముగనే ఈ వ్యాధి పురుషులకు మూడు నాలుగింతలు అధికము. కాని స్త్రీకి రక్తము కనబడినప్పుడు నెలసరి యనియో, మూత్రపు మంటయనియో త్రోసివేసి ఆలస్యము చేయుటయు సత్యమే. మనవాడైతే జబ్బు ముదిరిన వెంటనే రైలెక్కి స్వగ్రామమునకు పోవును. హైదరాబాదులోనో, వరంగల్లులోనో ఏదో వైద్యశాలలో చేరును. అచ్చటి చీటిలో నల్లగొండ జిల్లా, వృత్తి వ్యవసాయము! సూరతు చిట్టాలో అతడు లేడు, తెలంగాణపు చిట్టాలో అతని పని లేదు. ముప్పది యేండ్లు కష్టపడిన మనిషి రెండు రాష్ట్రముల లెక్కల నడుమ జారిపోయెను.

వ్యాధి తొలిదశలో దొరకినచో చేయగలిగినది చాల కలదు. 1879లో నిట్సె అను జర్మను వైద్యుడు చూపిన దీపపు గొట్టమే నేడు మెరుగుపడి సిస్టోస్కోపు అయినది. దానితో మూత్రాశయపు లోపలిని కంటితో చూచి, పైపొరలోని కంతిని కత్తిగాటు లేకుండ గీకి తీయుదురు. తరువాత మరల పుట్టకుండ కొందరకు మూత్రాశయములోనికి బి.సి.జి. మందును పోయుదురు. మన పిల్లల భుజముపై క్షయకు పొడుచు ఆ బి.సి.జి.యే! 1976లో కెనడాలో మొరాలెస్ అను వైద్యుడు ప్రకటించిన చికిత్స యిది. కంతి కండరములోనికి దిగినచో మూత్రాశయమునే తీసివేయవలసివచ్చును. నే చెప్పిన పెద్దమనిషికి అట్లే జరిగినది. బ్రదికియున్నాడు, పొట్టకు సంచి కట్టుకొని మనుమని బడికి దిగవిడుచుచున్నాడు. బార్లీ నీళ్ళ కాలములోనే వచ్చియుండిన ఆ సంచి యవసరము తప్పియుండెడిదేమో.

కావున ఈ సభకు నా మనవులు స్వల్పము. నలుబదేండ్లు దాటిన యెవరికైనను, నొప్పి యున్నను లేకున్నను, ఒక్కమారైనను మూత్రములో రక్తము కనబడిన, అది మరునాడు ఆగిపోయినను సరే, పరీక్ష చేయింపవలెను. వేడి యని నిర్ణయించు అధికారము వంటయింటికి లేదు. రెండవది, మన సంఘ సభ్యులలో గుజరాతీ, హిందీ ధారాళముగా మాటలాడువారు పదిమంది యైనను వంతుచొప్పున వైద్యశాలకు దుబాసులుగా పోవలెను. స్త్రీలకు స్త్రీలే పోవలెను. పిల్లలనీ పనినుండి తప్పింపుడు.

మూడవది, వెలుపలి ద్వారమువద్ద బల్లపై ఒక కాగితము పెట్టియున్నాను. ఒక వైపు తెలుగు, మరొక వైపు గుజరాతీ. కార్యాలయపు భాష నలవాటుచొప్పున కొంచెము బిగించి వ్రాసితిని, సభ్యులు సడలింపవచ్చును. అందు ఆరు గడులు కలవు: పుట్టిన ఊరు; సూరతునకు వచ్చిన సంవత్సరము; మొదటి పనినుండి నేటివరకు చేసిన ప్రతి పని, ఏ ఊరిలో, ఎన్నేండ్లు; రంగు, రసాయనము, రబ్బరు, తారు వీనితో చేతిపని యేమైన నుండెనా; బీడీ, సిగరెట్టు ఎన్నేండ్లు; రక్తము మొదట కనబడిన నెల. లింబాయతుకు పోవు మిత్రులు పది పది కాగితములు తీసికొని పోవలెను. నింపిన కాగితమొకటి రోగి వైద్యునకిచ్చి కేసు పేపరుకు కుట్టుమని కోరవలెను. రెండవ ప్రతి ఇంటిలో రేషను కార్డుతో కలిపి దాచుకొనవలెను. మూడవ గడికి చోటు చాలదని నిన్న రాత్రి ఒక మిత్రుడు చెప్పినందున దానిని పెద్దది చేసి మరల అచ్చువేయించితిని.